ఇంటి పెరడే తాలింఖానా



ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని పక్కపక్కన పెట్టుకొని ఈ నెల శీర్షిక రాస్తున్నాను. మూడూ మన ఉద్దానం, పలాస ప్రాంతం నుండి వచ్చినవే.

మొదటిది వజ్రపుకొత్తూరు మండలం నుండి ఒక తల్లి రాశారు. "మా గుంటడు టెక్కలిలో డిగ్రీ చదువుతున్నాడు. పోలీసు కానిస్టేబుల్ సెలక్షన్‌కి వెళ్తానంటాడు. దానికి ఒళ్లు గట్టిపడాలట. జిమ్ముకు నెలనెలా ఫీజు, అది గాక పొడి డబ్బా. డబ్బా మూడు వేలు చెబుతున్నాడు. నేను జీడి పిక్కల పనికి వెళ్లి తెచ్చే కూలి ఎంతో మీకు తెలుసు. కొనకపోతే అలిగి అన్నం మానేస్తున్నాడు." రెండోది కాశీబుగ్గ నుండి ఒక సోదరి రాసిన ఒకే ఒక్క ప్రశ్న: "పొద్దున్నుంచి రాత్రి దాకా చాకిరీ చేసేవాళ్లకు మళ్లీ వ్యాయామం దేనికండీ?" మూడోది కవిటి వైపు నుండి. "మా ఇంటాయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరుగుతోంది. కాళ్లలో కండ కరిగిపోయింది. మంచం దిగాలంటే చెయ్యి అందించాలి. ఆయన కదలకుండా పడుకోవడమే మేలని అందరూ అంటున్నారు. నిజమేనా?"

ముందు ఆ తల్లికి. అమ్మా, మీ అబ్బాయి కోరిక మంచిదే, దాన్ని తిట్టకండి. వయసులో ఉన్న కుర్రవాడు కిళ్లీ కొట్టు దగ్గర కూర్చోకుండా ఒళ్లు గట్టి చేసుకుంటానంటే సంతోషించవలసిన విషయం. కాని అతడు రెండు సంగతులు కలిపేసుకున్నాడు. బలం వేరు, దాని పేరు చెప్పి అమ్మే సరుకు వేరు. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో చూసేది 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్. మూడూ కాళ్లతో, ఊపిరితో నెగ్గవలసినవి. చొక్కా చేతులు బిగిసేలా దండ కండలు పెంచితే అక్కడ మార్కులు వెయ్యరు. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు, ఈ పేజీ అతని ముందు పెట్టండి.

బలానికి డబ్బు కావాలనే మాట మన జిల్లాలో పుట్టినవాళ్లు నమ్మకూడదు. పలాసలో రైలెక్కి విశాఖపట్నం వైపు వెళ్తే శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ వస్తుంది. ఆ ఊరే ఆమదాలవలస. దాని పక్కనున్న ఊసవానిపేటలో ఒక రైల్వే రక్షక దళ కానిస్టేబుల్ కూతురు పన్నెండేళ్ల వయసులో నీలంశెట్టి అప్పన్న అనే గురువు దగ్గర బరువులెత్తడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి కరణం మల్లేశ్వరి. 1994లోనూ, 1995లోనూ ప్రపంచ విజేత అయింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ఒక ఎత్తులో 110, మరో ఎత్తులో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆమెయే. బంగారు, వెండి పతకాలు గెలిచిన ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలు! ఆ ప్రయాణం మొదలైనది పల్లెటూరి వ్యాయామశాలలో. అంతకు ముందు తరంలో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకొని దేశమంతా పేరు పొందాడు. ఆయన శాకాహారి అని చెబుతారు. 1942లో ఆయన చనిపోయేనాటికి మన పల్లెల్లో పొడి డబ్బా అనే మాటే లేదు. మీ తాతలను అడగండి, సంక్రాంతికి సంగిడి రాయి ఎత్తే పోటీలు, తాలింఖానాలో దండీలు, బస్కీలు, కర్రసాము, వీటన్నిటికీ అయ్యే ఖర్చు ఎంతో చెబుతారు.

అందరూ మల్లేశ్వరులు కావాలని కాదు, సమ్సోనులా సింహాన్ని చీల్చాలనీ కాదు. కండ ఎలా పెరుగుతుందో తెలిస్తే చాలు. కండ తనకు అలవాటైన బరువుకు మారదు. అలవాటుకు కొంచెం మించిన బరువు మోసినప్పుడు దానిలోని పోగులు అలిసిపోతాయి. తర్వాత తిండి, నిద్ర దొరికితే అవి మునుపటికంటే దిట్టంగా తయారవుతాయి. పూర్వం గ్రీసు దేశంలో మైలో అనే మల్లుడు రోజూ ఒక దూడను భుజాన ఎత్తుకొనేవాడనీ, దూడ పెరిగి ఎద్దయ్యేసరికి అతడు ఎద్దును ఎత్తగలిగాడనీ ఒక కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా సూత్రం సరైనదే. కొంచెం బరువు, క్రమంగా పెంచడం, మధ్యలో విశ్రాంతి. మోసేది ఇనుమా, ఇసుకా, బియ్యమా అన్నది కండకు తెలియదు.

కాబట్టి ఇంట్లో ఏమున్నాయో చూద్దాం. ఒక లీటరు సీసాలో నీళ్లు నింపితే ఒక కిలో. అదే సీసాలో పొడి ఇసుక దట్టిస్తే కిలోన్నర దాటుతుంది. మన తీరంలో ఇసుకకు కరవా? రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు రెండు దొరికితే చెయ్యికి మూడు కిలోల చొప్పున జత తయారు. పాత గోనె సంచిలో ఐదు కిలోల ఇసుక పోసి, ఇసుక కారకుండా లోపల ఒక ప్లాస్టిక్ సంచి వేసి మూతి బిగించి కట్టండి. రెండు వారాలకొకసారి కిలో కలపండి. ఇంట్లో బియ్యం బస్తా 25 కిలోలుంటుంది, దాని దాకా రావడానికి తొందర లేదు. పది లీటర్ల నీళ్ల బకెట్టు పది కిలోల బరువు. సైకిలు షాపులో పారేసే పాత ట్యూబు అడిగితే ఇస్తారు. వాల్వు దగ్గర కోసేస్తే అది పొడుగాటి రబ్బరు తాడు. పట్నంలో ఇలాంటి రబ్బరు పట్టీలే రంగులు వేసి అమ్ముతున్నారు. ట్యూబు పగుళ్లు బారి ఉంటే వాడకండి, తెగి ముఖానికి కొట్టుకుంటుంది.

ఇక చెయ్యవలసినవి. మొదటిది లేవడం, కూర్చోవడం. గోడకు ఆనించిన గట్టి కుర్చీ గాని, మంచం పట్టె గాని తీసుకోండి. చేతులు ఛాతీ మీద కట్టుకొని, ఎక్కడా పట్టుకోకుండా లేచి నిలబడి మెల్లగా కూర్చోండి. ధబీమని పడకూడదు, దిగేటప్పుడే కండకు ఎక్కువ పని. పది పన్నెండు సార్లు సులువుగా వస్తుంటే కుర్చీ తీసేసి బస్కీలు, అదీ సులువైతే ఛాతీకి ఇసుక సంచి హత్తుకొని బస్కీలు. పరుగు పందెం కుర్రవాడికి ఇంతకన్నా మంచిది లేదు.

తర్వాత తొయ్యడం. దండీలు నేల మీద రానివాళ్లు సిగ్గుపడవద్దు. గోడకు రెండు అడుగుల దూరంలో నిలబడి అరచేతులు గోడకు ఆనించి ఛాతీని గోడ దగ్గరకు తీసుకెళ్లి వెనక్కి తొయ్యండి. అది తేలికైతే వీధి అరుగు అంచు మీద చేతులు పెట్టి చెయ్యండి. అరుగు నుండి నేలకు రావడానికి కొందరికి నెల, కొందరికి ఆరు నెలలు పడుతుంది. లాగడానికి సైకిలు ట్యూబు. కొబ్బరి చెట్టు మొదలుకో, వీధి స్తంభానికో చుట్టి రెండు కొసలూ పట్టుకొని, మోచేతులు పక్కటెముకల వెంట వెనక్కి వచ్చేలా లాగండి. మన పనుల్లో చాలావరకు ముందుకు వంగేవే, వెనక్కి లాగే కండలకు పని తక్కువ. వంగి వంగి గూని పట్టిన భుజాలకు ఇది చాలా మేలు.

నేల మీద నుండి బరువు ఎత్తడం గురించి కాస్త ఎక్కువ రాయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేశాక మొద్దులు తొలగిస్తూ నడుం పట్టించుకున్నవాళ్లు మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. ఎత్తేవిధం తెలియకనే చాలా నడుములు చెడిపోతాయి. సంచిని కాళ్లకు దగ్గరగా పెట్టుకోండి. పాదాలు భుజాలంత ఎడంగా ఉంచండి. నడుం గుండ్రంగా వంచకుండా, వెనక ఉన్న తలుపును పిరుదులతో మూస్తున్నట్టుగా తుంటి దగ్గర వంగండి, మోకాళ్లు కొంచెం మడవండి. సంచి ఒంటికి రాసుకుంటున్నట్టు పైకి రావాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, బీపీ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఎత్తి ఒక పక్కకు మెలి తిరగవద్దు, తిరగవలసివస్తే పాదాలతో తిరగండి. ఇవి గాక రెండు చేతుల్లో రెండు బకెట్లు పట్టుకొని నిటారుగా పెరట్లో చుట్టూ నడవడం, మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం, ఇవి చాలు.

ఒక్కొక్కటి ఎనిమిది నుండి పన్నెండు సార్లు. రెండు నిమిషాలు ఆగి ఇంకొక విడత. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి, కాని రూపం చెడకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్లందరూ వారానికి కనీసం రెండు రోజులు కండల వ్యాయామం చెయ్యాలి. సోమ, గురువారాలు పెట్టుకుంటే సరిపోయింది, ఉత్సాహం ఉంటే శనివారం కూడా. రోజూ అక్కర్లేదు. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, అందుచేత తెల్లవారుజామున గాని, పొద్దు వాలాక గాని చెయ్యండి.

ఇప్పుడు పొడి డబ్బా లెక్క. మన దేశపు పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం ఆరోగ్యవంతుడికి రోజుకు కిలో ఒంటి బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. మీ అబ్బాయి 55 కిలోలు ఉన్నాడనుకుంటే 46 గ్రాములు. గట్టి సాధన చేసేవాడికి ఇంకొంచెం, 75 దాకా అనుకోండి. 400 గ్రాముల బియ్యం అన్నంలో దాదాపు 28 గ్రాములు వస్తాయి. గుప్పెడు కందిపప్పు, అంటే 50 గ్రాములైతే 11. రెండు కోడిగుడ్లు 12. గుప్పెడు వేరుశనగ గుళ్లు 12. కవళ్లు లాంటి చిన్న చేపలు 100 గ్రాములు తింటే 18. కలిపి చూడండి, 80 దాటింది. చేప లేని రోజు ఉలవ చారు తెలికగా కాకుండా ఉలవలే ఉడకబెట్టి తింటే వంద గ్రాములకు 22 గ్రాములు. ఎండు చేపలో మాంసకృత్తులు బాగానే ఉన్నా ఉప్పు విపరీతం, రోజూ వద్దు. పలాసలో ఉండి జీడిపప్పు సంగతి ఎత్తలేదేమని అడుగుతారు. మంచిదే, కాని దానికంటే వేరుశనగలోనే మాంసకృత్తులు ఎక్కువ, ధర చాలా తక్కువ. జీడిపప్పు పండగ పూట పాయసంలో వేసుకుందాం.

డబ్బా వద్దనడానికి డబ్బు ఒక్కటే కారణమైతే ఇంత రాయను. మన దేశంలో అమ్ముతున్న 36 రకాల ప్రోటీన్ పొడులను పరీక్షించి 2024లో ప్రచురించిన ఒక పరిశీలనలో దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసిన లెక్క లోపలున్న సరుకుతో సరిపోలేదు. కొన్నిటిలో బూజు విషం, పురుగుమందుల ఆనవాళ్లు కూడా దొరికాయి. ఇది దేశమంతటికీ ఉన్న బాధ. ఉద్దానానికి ఇంకొకటి ఉంది.

మన దగ్గర కిడ్నీ జబ్బు ఎలా వస్తోందో మీకు వేరే చెప్పాలా? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఆ జబ్బు ఎరగని వీధి ఉండదు. షుగరు, బీపీ లేనివాళ్లకు, పొలం పని చేసే నడి వయసు వాళ్లకు కూడా వస్తుంది. కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. అన్నిటికంటే చెడ్డ సంగతి, అది చాలా ఏళ్లు చప్పుడు చెయ్యదు. కిడ్నీల పని సగానికి పైగా తగ్గేదాకా మనిషి మామూలుగానే తిరుగుతాడు. అటువంటి కుర్రవాడు తనకు తెలియకుండా రోజుకు వంద, నూట యాభై గ్రాముల మాంసకృత్తులు పొడి రూపంలో మింగితే ఆ భారం ముందే అలిసిన కిడ్నీల మీద పడుతుంది. క్రియాటిన్ అనే పొడి కూడా అమ్ముతున్నారు. అది ఒంట్లో క్రియాటినిన్‌గా మారి రక్త పరీక్షలో అంకె పెంచుతుంది. అప్పుడు పెరిగినది పొడి వల్లనా, జబ్బు వల్లనా అని డాక్టరు కూడా తికమక పడాలి. కండలకని వేసే ఇంజెక్షన్ల జోలికి అసలే వెళ్లవద్దు. కాబట్టి అమ్మా, మూడు వేల డబ్బా కొనే ముందు అబ్బాయికి ఒక్కసారి రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంత దూరం వెళ్లలేకపోతే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. పరీక్ష బాగుంటే పైన రాసిన తిండి తిని ధైర్యంగా సాధన చెయ్యనివ్వండి.

ఒక హెచ్చరిక అతనికే. తమ్ముడూ, మొదటి రోజే స్నేహితులతో పందెం వేసుకొని మూడు వందల బస్కీలు తియ్యకు. అలవాటు లేని కండను ఒక్కరోజులో చితక్కొడితే అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలకు అడ్డం పడుతుంది. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మర్నాటిదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కాశీబుగ్గ సోదరికి జవాబు చిన్నది. చాకిరీ వేరు, సాధన వేరు. జీడి పిక్కలు కొట్టే చోట, పప్పు తొక్క తీసే చోట గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుంటారు. వేళ్లు, మణికట్టు అరిగిపోతాయి, తొడలు మాత్రం నిద్రపోతాయి. సాయంత్రానికి అలసట నిజమే, కాని అలసట బలం కాదు. దీన్ని పరీక్షించుకోవచ్చు. ఆసియా దేశాల వైద్య నిపుణులు 2019లో ఒక కొలత పెట్టారు. కుర్చీలో కూర్చొని, చేతులు కట్టుకొని, ఐదు సార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు గాని, అంతకు మించి గాని పడితే కాళ్ల బలం తగ్గుతున్నట్టు లెక్క. ఇంకా సులువైన గుర్తు మనకు తెలిసిందే. ప్రార్థనకు మోకరించినవాళ్లు లేచేటప్పుడు పక్కవారి భుజం వెతుక్కుంటున్నారంటే మోకాలు ఒక్కటే కారణం కాదు, తొడ కండ కూడా. వారానికి రెండు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, పైన చెప్పిన లేవడం, లాగడం చాలు మీకు.

మీకే ఇంకొక మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. నడుం నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పుల బిళ్లలు మానండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ రకం మందులు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే హాని ఇంకా ఎక్కువ. మరుగుదొడ్డి సౌకర్యం లేదని పని చోట నీళ్లు తాగడం తగ్గించుకునే స్త్రీలు చాలామంది ఉన్నారు. నీళ్లు తక్కువ, ఎండ ఎక్కువ, పైన బిళ్ల. మన ప్రాంతంలో ఈ మూడూ కలవకూడదు. వ్యాయామం చేసిన మర్నాడు వచ్చే తీపునొప్పి కూడా రెండు మూడు రోజుల్లో అదే పోతుంది, దానికి బిళ్ల అక్కర్లేదు.

ఇక కవిటి సోదరి ఉత్తరం. అమ్మా, కదలకుండా పడుకోవడమే మేలన్నది నిజం కాదు. కిడ్నీ జబ్బులో కండ కరగడానికి జబ్బు ఒక కారణమైతే మంచం రెండో కారణం. 1990లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక పరిశోధన జరిగింది. వృద్ధుల ఆశ్రమంలో ఉండే పదిమంది, సగటు వయసు 90 ఏళ్లు. వాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. చివరిదాకా చేసినవాళ్ల కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. తొంభై ఏళ్ల కండ మాట విన్నప్పుడు మీ ఆయన కండ వినదా? డయాలసిస్ రోగుల మీద జరిగిన పరిశోధనల్లో కూడా తగిన వ్యాయామంతో కాళ్ల బలం పెరగడం చూశారు.

అయితే ముందు డయాలసిస్ చేసే డాక్టరును అడగండి. గుండె సంగతి, రక్తం ఎంతుందో వారికే తెలుసు. వారు సరే అంటే డయాలసిస్ లేని రోజున మొదలుపెట్టండి. డయాలసిస్ అయిన వెంటనే బీపీ పడిపోతుంది, అప్పుడు వద్దు. మొదటి వారం మంచం మీదే. పడుకొని పాదాలు ముందుకూ వెనక్కూ ఆడించడం, కూర్చొని ఒక్కొక్క మోకాలు చాచి ఐదు లెక్కపెట్టి దించడం. రెండో వారం నుండి మంచం కోడు పట్టుకొని లేచి కూర్చోవడం, ఐదు సార్లు. మీరు పక్కన నిలబడండి, కాని చెయ్యి అందించకండి. అదే కష్టమైన పని, మీకు! ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజుకు ఆపి డాక్టరుకు చెప్పండి.

ఫిస్టులా ఉన్న చేతిని కాపాడాలి. ఆ చేతికి బకెట్టు గాని, సంచి గాని తగిలించకూడదు, రబ్బరు ట్యూబు చుట్టకూడదు, బిగుతైన వాచీ పెట్టకూడదు, ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు. మెత్తటి బంతి నొక్కమని డాక్టరు చెబితే అది మాత్రం చెయ్యవచ్చు.

తిండి విషయంలో ఇరుగుపొరుగు మాట వినకండి. డయాలసిస్ మొదలవనివారికి మాంసకృత్తులు తగ్గించమంటారు. మొదలైనవారికి ఒంట్లో నుండి కొంత పోతుంది కాబట్టి పెంచమంటారు, గుడ్డు తెల్లసొన అందుకే రాస్తారు. ఒకరి పథ్యం ఇంకొకరికి పనికిరాదు. నీళ్లు కూడా అంతే. పైన అందరినీ నీళ్లు తాగమన్నాను, మీ ఆయన మాత్రం డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. ముఖ్యంగా కొబ్బరి నీళ్లు. మన ఉద్దానంలో నీరసంగా ఉన్నవాణ్ణి చూస్తే ప్రేమతో ముందు బోండాం కొడతారు. దానిలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేనప్పుడు అది రక్తంలో పేరుకొని గుండె లయ తప్పిస్తుంది. చూడవచ్చిన బంధువులు బోండాం తెస్తే కోపగించుకోకుండా పిల్లలకు ఇచ్చెయ్యండి.

మంచం కోడు పట్టుకొని ఆయన తనంతట తాను ఎన్నిసార్లు లేచారో రోజూ క్యాలెండరు మీద గీత గీసి పెట్టండి. రెండు నెలల తర్వాత నాకు ఒక కార్డు ముక్క రాయండి. సోంపేట నుండి నిద్ర పట్టడం లేదని రాసిన పెద్దమ్మగారికి జవాబు వచ్చే నెల.